టీచర్లకు సెలవుల కానుక: తక్కువ ఖర్చులో, నిజంగా పనికొచ్చేలా ఎంచుకోవడం ఎలా

సెలవులు దగ్గరపడుతున్నాయంటే నాకు వచ్చే ప్రశ్నలు రెండే. "టీచర్‌కి ఏం ఇవ్వాలి?", "ఎంతలో ఇవ్వాలి?" రెండోదానికి జవాబు సులువు: మీకు ఇబ్బంది లేనంతలో. మొదటిదానికే కాస్త పని ఉంది. ఆ పని కొట్లో కాదు, ఇంట్లో మొదలవుతుంది.

నేను 11 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఇప్పుడు పిల్లల తల్లిగా అదే బల్లకు ఇవతల నిలబడుతున్నాను. ఒక ఏడాది సెలవుల ముందు రోజు నేను ఇంటికి మోసుకొచ్చిన సంచిలో 9 కప్పులున్నాయి, అందులో నాలుగింటి మీద ఒకటే మాట. ఆ కప్పుల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు. అదే సంచి అడుగున, మూడో తరగతి పిల్లవాడు రూళ్ల కాగితం చింపి రాసిచ్చిన చీటీ ఉంది: "టీచర్, భాగహారం మూడోసారి చెప్పినప్పుడు కూడా మీరు విసుక్కోలేదు." అది ఇప్పటికీ నా డైరీలో ఉంది.

కాబట్టి కింద చెప్పేదంతా ఒకే వరసలో నడుస్తుంది. చీటీ ముందు, వస్తువు తర్వాత. ఆ వస్తువు కూడా దాచుకునేది కాకుండా, వాడితే అయిపోయేదిగా ఉంటే మంచిది.

1. ముందు బడి నియమం కనుక్కోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా కొనడానికి వెళ్తారు. కొన్ని బళ్లు కానుకలే వద్దంటాయి. కొన్ని ఇంత విలువ దాటకూడదని హద్దు పెడతాయి. కొన్నిచోట్ల ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే నియమాలే టీచర్లకూ వర్తిస్తాయి. క్లాసంతా కలిపి ఇచ్చేదాన్ని ఒక లెక్కలో, విడిగా ఇచ్చేదాన్ని ఇంకో లెక్కలో చూసే బళ్లూ ఉన్నాయి.

అడగాల్సింది ఆఫీసులో, టీచర్‌ని కాదు. "మేడమ్, మీకు కానుక ఇవ్వొచ్చా?" అని మొహం మీద అడిగితే, అవునన్నా కాదన్నా ఆమెకే ఇబ్బంది.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మీ పిల్లల మార్కుల మీద ఫిర్యాదు నడుస్తున్నా, సిఫార్సు ఉత్తరం ఆ టీచరే రాయాల్సి ఉన్నా, ఈసారికి వస్తువు వద్దు, చీటీ ఒక్కటే ఇవ్వండి. మీ మనసులో ఏమీ లేకపోవచ్చు. చూసేవాళ్లకు అలా కనిపించదు. డబ్బు కవర్లో పెట్టి ఇవ్వడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

2. పేర్లు రాసుకోండి, తర్వాత డబ్బు పంచండి

క్లాస్ టీచర్ ఎవరికైనా గుర్తుంటారు. మర్చిపోయేది మిగతావాళ్లను. ఒక కాగితం తీసుకుని పిల్లల దినచర్యను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనసులో నడిపించండి. బండి ఎక్కించేది ఎవరు? గేటు దగ్గర ఎవరు? ఆటలు ఎవరు ఆడిస్తారు? చిన్నపిల్లలైతే బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? లైబ్రరీలో, ఆఫీసులో ఎవరుంటారు? ప్రత్యేక అవసరాలున్న పిల్లలైతే పక్కన కూర్చుని సాయం చేసేదెవరు?

ఇలా రాస్తే జాబితా 10, 12 పేర్లకు చేరుతుంది. కంగారు పడకండి. అందరికీ వస్తువు ఇవ్వాలని లేదు, చీటీ మాత్రం అందరికీ ఇవ్వొచ్చు.

మీరు పెట్టగలిగిన మొత్తాన్ని 10 వాటాలు చేయండి. నేను పంచుకునే తీరు ఇది:

- 1 వాటా: కాగితం, కవర్లు, సంచులు. ఇది ముందే పక్కన పెట్టకపోతే చివర్లో లెక్క తప్పుతుంది.
- 4 వాటాలు: క్లాస్ టీచర్.
- 4 వాటాలు: సబ్జెక్ట్ టీచర్లు, ఆయా, డ్రైవర్ తదితరులు.
- 1 వాటా: మర్చిపోయినవాళ్ల కోసం. తప్పకుండా ఒకరు గుర్తొస్తారు.

సబ్జెక్ట్ టీచర్లు అయిదుగురుంటే అయిదుగురికీ ఒకే వస్తువు ఇవ్వండి. లెక్కల సార్‌కి పెద్దది, సైన్స్ మేడమ్‌కి చిన్నది ఇచ్చారనుకోండి, ఆ రెండు సంచులూ స్టాఫ్‌రూమ్‌లో ఒకే బల్ల మీదే విప్పుతారు. విప్పినదాన్ని గనక చెబుతున్నాను.

3. రెండు వారాలు గమనించండి

"మీ టీచర్‌కి ఏం ఇష్టం?" అని పిల్లల్ని అడిగితే "తెలీదు" అంటారు. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది. కంటికి కనిపించేవి అడగండి, చెవికి వినిపించేవి అడగండి:

- టీచర్ టేబుల్ మీద ఏమేం ఉంటాయి?
- ఎప్పుడూ ఏది వెతుక్కుంటుంటారు? పక్క క్లాసు నుంచి ఏది తెప్పిస్తారు?
- బోర్డు మీద సుద్దతో రాస్తారా, మార్కర్‌తోనా?
- నోట్‌బుక్కులు ఏ రంగు పెన్నుతో దిద్దుతారు?
- నీళ్ల సీసా ఎలాంటిది తెచ్చుకుంటారు?
- ఏ చేత్తో రాస్తారు?

మా అమ్మాయిని ఇలాగే అడిగితే టక్కున చెప్పింది: "మా మేడమ్ రోజూ ఎదురు క్లాసుకు నన్ను పంపించి కత్తెర తెమ్మంటారు, మళ్లీ ఇచ్చి రమ్మంటారు." ఇంకేం కావాలి? ఆ ఏడాది మంచి కత్తెర ఒకటి కొని, పిడికి పేరు రాసిన చిన్న అట్టముక్క కట్టి ఇచ్చాం. ఆ టీచర్ తర్వాత కనిపించినప్పుడల్లా ఆ కత్తెర ఊసెత్తకుండా ఉండలేదు.

దిద్దిన నోట్‌బుక్ తెరిచి చూస్తే కూడా చాలా తెలుస్తుంది. ఇంకు వెనక పేజీకి దిగుతోందా? అక్షరాలు అలుక్కుపోతున్నాయా? ఎరుపు బదులు ఆకుపచ్చ వాడుతున్నారా? కొన్ని బళ్లలో దిద్దడానికి ఎరుపు వాడొద్దంటారు. అక్కడ ఎర్ర పెన్నుల డబ్బా ఇచ్చినా డ్రాయర్లో పడుంటుంది.

4. చీటీ రాయించండి: అసలు పని ఇదే

ఒక సాయంత్రం మొత్తం దీనికి కేటాయించండి. చివరి రోజు పొద్దున బూట్లు తొడుగుతూ రాయించే చీటీలో "థ్యాంక్యూ టీచర్, హ్యాపీ హాలిడేస్" తప్ప ఇంకేమీ ఉండదు.

పిల్లలతో కాసేపు మాట్లాడండి. రాయమని చెప్పకుండా, ఊరికే కబుర్లలా అడగండి:

- ఈ ఏడాది ముందు రానిది, ఇప్పుడు వచ్చింది ఏంటి? అది ఎవరు నేర్పారు, ఎలా నేర్పారు?
- టీచర్ నిన్ను నవ్వించిన రోజు ఏదైనా ఉందా?
- నువ్వు ఏడ్చినప్పుడో భయపడ్డప్పుడో టీచర్ ఏం చేశారు?
- టీచర్ తరచూ అనే మాట ఏంటి?

ఈ నాలుగింటిలో ఒక్కదానికైనా కళ్లు పెద్దవి చేసుకుని చెబుతారు. అదే చీటీలోకి వెళ్లాలి. తేడా చూడండి.

మొక్కుబడి చీటీ: "మీరు చాలా మంచి టీచర్. మీరంటే నాకు ఇష్టం. మీరు బాగా చెబుతారు."

గుర్తుండే చీటీ: "నేను పద్యం మధ్యలో మర్చిపోతే మీరు పెదాలు కదిపి మొదటి మాట అందించారు. ఎవరికీ తెలీలేదు. తర్వాత పద్యం అంతా చెప్పేశాను."

మొదటిది ఏ టీచర్‌కైనా ఇవ్వొచ్చు. రెండోది ఒక్కరికే చెందుతుంది.

రాసేటప్పుడు:

- 4 నుంచి 6 వాక్యాలు చాలు.
- అక్షరదోషాలు దిద్దకండి. దిద్దడం టీచర్ పని, ఈసారి ఆమెకూ సెలవే. "బాగహారం" అని రాస్తే అలాగే ఉండనివ్వండి.
- మాటలు మీరు అందించకండి. "మార్గదర్శనం", "స్ఫూర్తి" లాంటి మాటలు ఎనిమిదేళ్ల పిల్లల చేతిరాతలో కనిపిస్తే ఎవరు చెప్పి రాయించారో చదివిన క్షణంలోనే తెలిసిపోతుంది.
- కింద పూర్తి పేరు, తరగతి, సెక్షన్, సంవత్సరం తప్పనిసరి. పదేళ్ల తర్వాత ఆ చీటీ తీసినప్పుడు ఒకే పేరున్న నలుగురు పిల్లల్లో ఎవరో తెలియాలి కదా.

ఇంకా రాయడం రాని పిల్లలైతే వాళ్లు బొమ్మ గీస్తారు, మీరు దాని కింద వాళ్లు అన్న మాటను అన్నట్టే రాయండి. "ఇది మేడమ్, ఇది నేను, ఇది మేడమ్ కుర్చీ, దానికి చక్రాలున్నాయి." ఇంతకంటే మంచి శీర్షిక మీరు ఆలోచించలేరు.

కాగితం సంగతి. మామూలు ప్రింటింగ్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) ఉంటుంది, మడిస్తే నలిగిపోతుంది. 150 నుంచి 200 జీఎస్ఎమ్ మందం అడిగి తీసుకుంటే కార్డు నిలబడుతుంది. ఏ4 కాగితాన్ని ఒకసారి మడిస్తే ఏ5 కార్డు, రెండోసారి మడిస్తే ఏ6 అవుతుంది. చీటీకి ఏ6 సరిపోతుంది. బాల్‌పెన్‌తోనో పెన్సిల్‌తోనో రాయించండి. స్కెచ్ పెన్నుల రంగులు చాలావరకు వెలుతురుకు వెలిసిపోతాయి. మెరుపుల పొడి మాత్రం వద్దే వద్దు. అది టీచర్ సంచిలోంచి వారాలు గడిచినా పోదు.

తల్లిదండ్రులు విడిగా ఒక చీటీ రాయాలి. మూడు నాలుగు వాక్యాలు, అంతే. బడిలో టీచర్‌కి కనిపించనిది, ఇంట్లో మీకు కనిపించింది రాయండి: "ఇప్పుడు తనంతట తనే పుస్తకం తీస్తున్నాడు", "ఆదివారం రాత్రి కడుపునొప్పి రావడం మానేసింది".

ఓపిక ఉంటే ఇంకొకటి కూడా చేయండి. ఆ టీచర్ చేసిన మంచి పనిని ప్రధానోపాధ్యాయులకు నాలుగు లైన్లు రాసి పంపండి. తల్లిదండ్రుల నుంచి ఆ ఆఫీసుకు వెళ్లేవన్నీ దాదాపు ఫిర్యాదులే. మధ్యలో ఒక మెచ్చుకోలు వస్తే అది టీచర్‌కి వృత్తిలోనూ అక్కరకొస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. నన్నడిగితే ఈ జాబితా మొత్తంలో విలువైన కానుక ఇదే.

5. వస్తువు ఎంచుకోండి

ఏది కొనబోయినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది వాడితే అయిపోతుందా? ఇంటికి మోసుకెళ్లే సంచిలో పడుతుందా? ఇలాంటివే ఇంకో అయిదు వచ్చినా పనికొస్తుందా? నచ్చకపోతే మొహమాటం లేకుండా ఇంకొకరికి ఇచ్చేయొచ్చా? మూడింటికి అవునంటే తీసుకోండి.

దిద్దే పెన్నులు. పలుచటి కాగితం నోట్‌బుక్కులైతే బాల్‌పెన్నే మంచిది, జెల్ ఇంకు వెనక్కి దిగుతుంది. ఎడమ చేత్తో రాసేవాళ్లకు జెల్ ఇంకు ఆరేలోపే చెయ్యి తగిలి అలుక్కుంటుంది. 0.7 మిల్లీమీటర్ల ములికి దిద్దడానికి హాయిగా నడుస్తుంది. మార్జిన్‌లో చిన్నగా రాసేవాళ్లకు 0.5 కావాలి. ఖరీదైన పెన్ను ఒకటి కొనేకన్నా టీచర్ ఇప్పటికే వాడుతున్న రకం ఒక డబ్బా కొనడం మేలు. ఖరీదైన పెన్నును పోతుందేమోనన్న భయంతో బడికే తీసుకురారు.

బోర్డు మార్కర్లు. కొనేముందు డ్రై ఎరేజ్ (పొడిగా తుడిస్తే పోయే రకం) అని ఉందో లేదో చూడండి, పర్మనెంట్ మార్కర్ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. నలుపు, నీలం ముందు అయిపోతాయి. ఎనిమిది రంగుల సెట్టులో పసుపు రంగు వెనక బెంచీకి కనిపించదు. కాబట్టి రంగుల సెట్టు బదులు నలుపు, నీలమే ఎక్కువ తీసుకోండి. ఇంకు మళ్లీ నింపుకునే రకమైతే ఇంకు సీసా కూడా కలపండి. పొరపాటున పర్మనెంట్ మార్కర్‌తో బోర్డు మీద రాసేస్తే, ఆ గీత మీదే డ్రై ఎరేజ్ మార్కర్‌తో మళ్లీ దిద్ది వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది. అందులోని ద్రావకం పాత ఇంకును కరిగిస్తుంది.

సుద్ద వాడే బడైతే సుద్ద పట్టుకునే గొట్టం ఇవ్వండి. వేళ్లకు పొడి అంటదు, చిన్న ముక్క కూడా చివరిదాకా రాస్తుంది.

స్టేషనరీ డబ్బా. అంటించే చీటీలు, కాగితాల క్లిప్పులు, జిగురు పుల్లలు, స్టేప్లర్ పిన్నులు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. చిన్న స్టేప్లర్‌కి 10 నంబరు పిన్నులు, పెద్దదానికి సాధారణంగా 24/6 లేదా 26/6. ఒకదాని పిన్నులు ఇంకోదానిలో పట్టవు. పిల్లల చేత స్టేప్లర్ మీది అంకె చదివించుకుని రండి. తెలియకపోతే పిన్నులు వదిలేసి క్లిప్పులు తీసుకోండి.

నీళ్ల సీసా. స్టీలుది, 500 మిల్లీలీటర్లది, చెయ్యి పెట్టి కడగడానికి వీలుగా వెడల్పు మూతిది. లీటరు సీసా బావుంటుందనిపిస్తుంది గానీ, నింపాక నీళ్లే కిలో బరువు. అప్పటికే ఆ సంచిలో 40 నోట్‌బుక్కులుంటాయి. అయితే సీసా వాడితే అయిపోయేది కాదు. ఉన్న సీసా మూత విరిగిందనో, కారుతోందనో తెలిస్తేనే కొనండి.

చేతి క్రీమ్. సుద్దకూ, మాటిమాటికీ చేతులు కడగడానికీ చేతులు పొడిబారతాయి. వాసన లేనిది, 50 మిల్లీలీటర్ల లోపు ట్యూబు.

క్లాసు లైబ్రరీకి పుస్తకం. నాకు బాగా నచ్చిన పద్ధతి. పుస్తకం పిల్లలే ఎంచుకోవాలి, మొదటి పేజీలో "మా టీచర్ గౌరవార్థం" అని పేరు, తేదీ రాసి ఇవ్వాలి. టీచర్ ఇంట్లో చోటు తీసుకోదు, ఆమె పేరు మీద ఏళ్ల తరబడి పిల్లలు చదువుకుంటారు. అట్ట గట్టిగా ఉన్న ప్రతి చూడండి, క్లాసులో మెత్తటి అట్టలు నిలవవు.

మొక్క. ఇవ్వొచ్చు, కానీ ఒక చిక్కుంది. సెలవుల ముందు ఇచ్చిన మొక్క తాళం వేసిన గదిలో రెండు మూడు వారాలు నీళ్లు లేకుండా ఉంటుంది. స్నేక్ ప్లాంట్ అయితే ఓర్చుకుంటుంది. మనీప్లాంట్ కొంతవరకు తట్టుకుంటుంది. పూలమొక్కలు ఓర్చుకోవు. కుండీకి అడుగున రంధ్రం, కింద పళ్లెం ఉండాలి. ఈ రెండు మొక్కలూ పిల్లులు, కుక్కలు నమిలితే వాటికి హాని చేస్తాయి, కాబట్టి టీచర్ ఇంట్లో పెంపుడు జంతువులున్నాయని తెలిస్తే మానుకోండి. నీళ్ల చిక్కు వద్దనుకుంటే మొక్కను సెలవుల తర్వాత మొదటి రోజు ఇవ్వండి. ఆ రోజు ఎవరూ ఏమీ ఇవ్వరు, భలే ఉంటుంది.

తినేవి. ఇంట్లో చేసినవాటికన్నా సీలు తీయనివి, పదార్థాల పట్టీ, గడువు తేదీ ఉన్నవి మంచివి. టీచర్‌కి ఏది పడదో, ఏది తినరో మీకు తెలియదు. పట్టీ ఉంటే ఆమె చూసుకుంటారు, లేదా ఇంకొకరికి ఇస్తారు.

గిఫ్ట్ కార్డు. గడువు ఎప్పుడు, ఎక్కడ చెల్లుతుంది, మిగిలిన మొత్తం మళ్లీ వాడుకోవచ్చా, ఈ మూడూ చూడండి. దాని విలువ ఏదీ కొనలేనంత చిన్నదైతే టీచర్ చేత సొంత డబ్బు ఖర్చు పెట్టించినట్టే. అలాంటప్పుడు నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒకటి ఇవ్వండి. ఇది డబ్బుతో సమానమని కొన్ని బళ్లు ఒప్పుకోవు, మొదటి మెట్టులో అడిగినప్పుడే తేల్చుకోండి.

మీ సమయం. చార్టులు కత్తిరించడం, లామినేషన్, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయడం. "ఏదైనా పనుంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "సెలవుల తర్వాత మొదటి శనివారం రెండు గంటలు వస్తాను, లేదా కత్తిరించాల్సినవి ఇంటికి పంపండి" అని రాసివ్వండి.

6. వద్దనుకోవాల్సినవి

కప్పులు. ఎందుకో పైన చెప్పాను. "బెస్ట్ టీచర్" అని రాసున్న ఏ వస్తువైనా అంతే. సెంట్లు, వాసన కొవ్వొత్తులు ఒకరికి హాయి, ఇంకొకరికి తలనొప్పి. బట్టలు, నగలు మరీ సొంత విషయాలు. పెద్ద ఫోటో ఫ్రేములు, గాజు బొమ్మలు బస్సులో ఇంటికి చేరవు. మద్యం, మతానికి సంబంధించినవి వద్దు. బరువు తగ్గడానికో, చర్మం మెరవడానికో వాడేవి ఎంత ఖరీదైనవైనా మాట పడ్డట్టే ఉంటుంది.

7. అందరూ కలిసి ఇచ్చే కానుక

ఖర్చు తగ్గడానికి ఇది మంచి దారి, మనసులు నొచ్చుకోవడానికి కూడా దగ్గరి దారే. ఎక్కడ బెడిసికొడుతుందో నాకు తెలుసు: ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పేర్లతో సహా పెట్టినప్పుడు.

డబ్బు పోగుచేసే బాధ్యత ఒకరికే ఇవ్వండి. మొత్తం నిర్ణయించకండి, గడువు మాత్రం నిర్ణయించండి. కార్డు మీద క్లాసులోని పిల్లలందరి పేర్లూ ఉండాలి, ఇచ్చినా ఇవ్వకపోయినా. పంపాల్సిన సందేశం ఇలా ఉంటే సరిపోతుంది:

"అందరికీ నమస్కారం. క్లాస్ టీచర్‌కి పిల్లలందరి తరఫున ఒక కానుక ఇద్దామనుకుంటున్నాం. ఇష్టమున్నవాళ్లు తోచినంత నాకు విడిగా పంపండి, ఈ గ్రూపులో రాయొద్దు. ఇవ్వలేకపోయినా ఏమీ అనుకోవద్దు, కార్డు మీద పిల్లలందరి పేర్లూ ఉంటాయి. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను. ఎంత పోగైందో, దేనికి ఖర్చయిందో తర్వాత ఇక్కడ చెబుతాను."

చివరి వాక్యం మర్చిపోకండి. మొత్తం ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత, అని బిల్లు ఫోటోతో మూడు లైన్లు పెడితే వచ్చే ఏడాది అడక్కుండానే ఇస్తారు. మిగిలినదానితో క్లాసు లైబ్రరీకి పుస్తకం కొనండి.

8. చేత్తో చేయాలనుకుంటే: క్లాసు చీటీల పుస్తకం

చేతిపనుల్లో నేను ధైర్యంగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఖర్చు కాగితాలకూ రిబ్బనుకూ మాత్రమే.

1. పిల్లలెంతమందో అన్ని ఏ5 కాగితాలు, పైన అయిదు అదనంగా తీసుకోండి. 120 జీఎస్ఎమ్ అయితే మెత్తగానూ ఉండదు, మరీ బిగుసుగానూ ఉండదు.
2. పంచేముందే ప్రతి కాగితం ఎడమ వైపు 3 సెంటీమీటర్లు వదిలి పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి. ఇది చేయకపోతే పిల్లలు అంచు దాకా రాస్తారు, రంధ్రాలు పేర్ల మీద పడతాయి. మొదటిసారి నాకు అలాగే ఆరుగురి పేర్లు తెగిపోయాయి.
3. ఒకే ప్రశ్న ఇవ్వండి: "మన టీచర్ దగ్గర నీకు గుర్తుండిపోయిన ఒక రోజు." అంతకు మించి చెప్పొద్దు.
4. గడువు మీకు కావాల్సిన రోజుకు నాలుగు రోజుల ముందు పెట్టండి.
5. వచ్చిన కాగితాలు అన్నీ చదవండి. కోపంతోనో హాస్యానికో ఎవరైనా నొప్పించేలా రాసి ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే ఆ తల్లిదండ్రులకు విడిగా చెప్పి ఇంకో కాగితం ఇవ్వండి.
6. హాజరు పట్టీ వరసలో పేర్చండి. రాయని పిల్లల పేరుతో ఒక కాగితం మీద బొమ్మో పువ్వో వేసి కలపండి, ఖాళీ కనిపించదు.
7. మామూలు పంచ్ మిషన్ రెండు రంధ్రాలను 80 మిల్లీమీటర్ల ఎడంతో వేస్తుంది. ఒకేసారి ఏడెనిమిది కాగితాలకు మించి పెట్టకండి, కింది కాగితాలు జారి రంధ్రాలు వంకరపోతాయి.
8. ముందూ వెనకా అట్ట పెట్టి రిబ్బను వదులుగా కట్టండి. బిగించి కడితే పుస్తకం తెరుచుకోదు.

9. చుట్టడం, ఇవ్వడం

రంగు కాగితం కన్నా గుడ్డ సంచి నయం. సంచి కూడా కానుకలో భాగమైపోతుంది. పేరు సంచి మీద కాదు, వస్తువుకే కట్టాలి. ఇరవై సంచులు ఒకచోట విప్పాక ఏది ఎవరిదో తెలియక నేను ఒకసారి సగం మందికి తప్పుడు థ్యాంక్స్ చెప్పాను.

చివరి రోజు ఇవ్వకండి. ఆ రోజు టీచర్ చేతుల్లో రిజిస్టర్లు, రిపోర్టులు, మిగతా 30 సంచులు ఉంటాయి. రెండు మూడు రోజుల ముందు, క్లాసు మొదలవక ముందో బడి వదిలాకో ఇవ్వాలి. పిల్లలే ఇవ్వాలి, మీరు పక్కన ఉండి మాటలందించొద్దు. అందరి ముందూ ఇస్తే తీసుకురాని పిల్లల మొహాలు చిన్నబోతాయి. ఫోటో తీసి గ్రూపులో పెట్టడమూ అంతే.

10. తేడా వచ్చినప్పుడు

టీచర్ తీసుకోనన్నారు. బలవంతం చేయొద్దు. "సరే మేడమ్, చీటీ మాత్రం ఉంచుకోండి" అని వస్తువు వెనక్కి తెచ్చుకోండి. పుస్తకమైతే లైబ్రరీకి ఇస్తామని అడగొచ్చు.

ఒక టీచర్‌ని మర్చిపోయారు. ఆ పదో వాటా ఇందుకే. అదీ లేకపోతే సెలవుల్లో తీరిగ్గా చీటీ రాయించి తిరిగి తెరిచిన రోజు పంపండి. ఆలస్యానికి సాకులు రాయొద్దు.

ఏడాది మధ్యలో టీచర్ మారారు. ఇద్దరికీ చీటీలు రాయించండి. వెళ్లిపోయినవారి చీటీ ఆఫీసులో ఇచ్చి, వారికి చేర్చమని అడగండి.

అనుకున్నదానికన్నా డబ్బు తగ్గింది. వస్తువులు తీసేయండి, చీటీలు తీసేయకండి.

పిల్లలకు ఆ టీచర్ అంటే గిట్టదు. లేని ప్రేమ రాయించొద్దు. జరిగిన ఒక మంచి చిన్న సంగతి వెతికితే దొరుకుతుంది: "మీ క్లాసులో గ్లోబు తిప్పనిచ్చారు." అది చాలు.

11. ఏ వారం ఏం చేయాలి

నాలుగు వారాల ముందు:
- ఆఫీసులో నియమం అడగడం
- పేర్ల జాబితా, 10 వాటాలు
- ఉమ్మడి కానుక అయితే సందేశం పంపడం

మూడు, రెండు వారాల ముందు:
- పిల్లల్ని ప్రశ్నలు అడగడం, నోట్‌బుక్ తెరిచి చూడటం
- చీటీల పుస్తకం కాగితాలు గీత గీసి పంచడం

చివరి వారానికి ముందు శని, ఆదివారాలు:
- ఒక సాయంత్రం చీటీలు
- కొనడం, బిల్లు దాచడం
- వస్తువుకే పేరు కట్టడం

చివరి రోజుకు ముందు మూడు రోజులు:
- మొదటి రోజు సబ్జెక్ట్ టీచర్లు, ఆయా, డ్రైవర్
- రెండో రోజు క్లాస్ టీచర్
- మూడో రోజు, ఆ ముందు రోజుల్లో సెలవు పెట్టినవాళ్లకు